దిండి కట్ట మీద అన్న మాట

ఐదో తరగతిలో నేను మూడేళ్లున్నాను. మూడో ఏడు మా తమ్ముడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఏడాది తిరిగేసరికి వాడు ఆరులోకి పోయాడు, నేను నార్కట్‌పల్లి హోటల్లో మిరపకాయ బజ్జీలు వేయడానికి పోయాను. కాబట్టి ఇక్కడ రాసే కొండల్లో, చెరువుల్లో దిక్కులు తప్పితే మా తమ్ముణ్ణి అడగాలి.

సాగర్ దగ్గర డ్యాం కడుతున్న రోజులవి. హోటలు పక్కనే నా దోస్తు షెడ్డు. వాడు మెకానిక్కు. మిలిటరీ వాళ్లు వేలంలో అమ్మేసిన పాత జీపొకటి ఎవరో కాంట్రాక్టరు వాడి దగ్గర రిపేరుకు వదిలాడు. బాగుచేసిన బండిని నడిపి చూడాలి కదా అన్నాడు మా వాడు. ఎంత దూరం నడిపి చూడాలో కాంట్రాక్టరు చెప్పి పోలేదు.

దూరం నిర్ణయించింది మా మూడో దోస్తు. వాడిది పానగల్ పక్క ఊరు, ఇంట్లో గొర్లమంద. వాడికి ఒక పిల్ల నచ్చింది, పిల్లకీ వాడు నచ్చాడు. పిల్ల తండ్రి మాత్రం శుక్రవారం దాకానే ఆగుతానన్నాడు. ఆలోగా పిల్లవాడి తండ్రి వచ్చి తాంబూలం మార్చుకోవాలి, లేకపోతే ఇంకో సంబంధానికి మాటిచ్చేస్తాడు. మా దగ్గర తాంబూలాలకు పెళ్లికొడుకు లేకపోయినా పనవుతుంది, తండ్రి లేకపోతే కాదు. ఆ తండ్రికి పిల్ల సంగతి తెలుసు, గడువు సంగతి తెలియదు. ఎండలు ముదరగానే మందను తోలుకుని మన్ననూరు అడవులకు పోయాడు. వాన పడందే రాడు.

మంగళవారం పొద్దున ముగ్గురం బయలుదేరాం. దేవరకొండ దాటాక రెండు పక్కలా గుట్టలు మొదలయ్యాయి. ఒకదాని మీద ఒకటి పేర్చిన బండలు, వాటి సందుల్లో మోదుగుపూలు. మెకానిక్కు బండి ఆపాడు.

"అరే, జర గా గుట్టలు సూడుర. ఎంత మంచిగున్నయి."

పెళ్లికొడుకు అప్పటికే దిగి, రోడ్డు పక్కన గొర్రె పెంటికను వేళ్ల మధ్య నలుపుతున్నాడు.

"ఎండింది. శాన దినాలైంది పోయి," అన్నాడు.

ఆ దారి పొడుగునా అంతే. మేము కొండను చూస్తే వాడు పెంటికలు చూశాడు. మేము చెరువును చూస్తే వాడు ఒడ్డున బురదలో గిట్టల గుర్తులు చూశాడు.

దిండి చెరువు దగ్గరికి వచ్చేసరికి జీపు ఫ్యాను బెల్టు తెగింది. మెకానిక్కు బస్సెక్కి బెల్టు కోసం దేవరకొండ పోయాడు. తెచ్చిన బెల్టు పట్టలేదు, మళ్లీ పోయాడు. ఈ లెక్కన బుధవారం సాయంత్రం దాకా నాకు దిండి చెరువు అన్ని ఎండల్లోనూ చూసే భాగ్యం కలిగింది. నీళ్లు సగానికి దిగి, తేలిన గుట్టల మీద కొంగలు కూర్చుని ఉన్నాయి. చూడముచ్చటగానే ఉంది. మొదటి గంట.

ఆ మొదటి గంటలోనే కట్ట మీదికి ఒక గొర్లకాపరి వచ్చాడు. గొర్లకు ఉప్పు కొనుక్కుని, మన్ననూరు పోయే వెదురు లారీ కోసం చూస్తున్నాడు. పెళ్లికొడుకు నీళ్లలో మునకలేస్తున్నాడు. మాటల్లో తెలిసింది, వీడి తండ్రి మంద, ఆయన మంద పక్కపక్కనే మేస్తున్నాయని. ఉన్నమాట చెప్పి పంపితే సరిపోయేది. కానీ ఉన్నమాట నా నోటికి ఎప్పుడూ చప్పగానే ఉంటుంది.

"గాయినకు ఒక మాట జెప్పన్నా," అన్నాను. "నీ కొడుకు ఆగలేక లగ్గం జేసుకున్నడు, మామోళ్లింటికి ఇల్లుటం పోయిండు, ఇగ గొర్లు నువ్వే కాసుకో అని."

ఆయన నవ్వలేదు. "గట్లనా," అని ఉప్పు మూట ఎత్తుకుని లారీ ఎక్కాడు. నవ్వని మనిషి జోకు అర్థం చేసుకున్నాడని ఎలా అనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

గురువారం మన్ననూరు ఘాటు ఎక్కాం. పైన చల్లగా ఉంది. ఒక మలుపులో లోయంతా కనిపించింది, అడుగున ఎక్కడో ఒక కుంట అద్దం ముక్కలా మెరిసింది. పెళ్లికొడుకు పెంటిక నలిపి, "పచ్చిగనే ఉంది," అని మొదటిసారి నవ్వాడు.

మంద దొరికింది. తండ్రి లేడు. వాడి మేనమామ ఉన్నాడు.

"మీ నాయిన నిన్న పొద్దుగాలనే పాయె గద."

"యాడికి మామా?"

"నిన్ను గుంజుకొచ్చెటందుకు. ఇల్లుటం పోయినవంట గద."

"ఎవడు జెప్పిండు?"

"ఎవడో జీపుల వచ్చినోడంట. జర నవ్వు మొకమోడంట."

మెకానిక్కు నన్నొకసారి, లోయనొకసారి చూసి, "మంచి జాగా," అన్నాడు.

తిరుగు దారిలో కొండలు, చెరువులు వచ్చిన వరసకు ఎదురు వరసలో వచ్చాయి. ఎవరూ ఆగి చూడలేదు. పెళ్లికొడుకు ఒక్కసారే మాట్లాడాడు.

"గా పిల్ల గాకుంటే నేను ఇంకో పిల్లను సూడ."

దేవరకొండ దాకా నేనూ కొండలు వదిలి రోడ్డు పక్క పెంటికలే చూస్తూ కూర్చున్నాను.

శుక్రవారం దీపాల వేళకు పిల్ల వాళ్ల ఊరు చేరాం. వాకిట్లో మంచం మీద ఇద్దరు పెద్దమనుషులున్నారు. ఒకాయన పెళ్లికొడుకు తండ్రి, కర్ర పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యలో పళ్లెంలో తమలపాకులు, అరటిపండ్లు ఉన్నాయి.

పిల్ల తండ్రి మమ్మల్ని చూసి తాపీగా చెప్పాడు. "నిన్న పగటీలి కట్టె వట్టుకొని వచ్చిండు. నా కొడుకును బయటికి తోలు అన్నడు. ఏ కొడుకు, నేనే నీకోసం ఎదురు జూస్తున్న అన్న. నమ్మలె. ఇల్లంత దేవులాడిండు. గడ్డివాము సుత సూసిండు. దొరకకపోయెసరికి అలిసి కూసున్నడు. కూసున్నంక ఇగ ఏం జేస్తం, ఇయ్యాల తాంబూలం మార్సుకున్నం."

పెళ్లికొడుకు గడప మీద కూర్చుండిపోయాడు. లోపల ఎవరో గాజుల చేతులతో తలుపు దగ్గరికి వేశారు.

నా నోరు ఆగలేదు. "సూసినవా కాకా, నా మాట మీదనే గద గింత జల్ది వచ్చినవు," అన్నాను.

పెళ్లికొడుకు తండ్రి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"నీ మాటకు గాదు బిడ్డా. ఇల్లుటం పోయిండంటే ఒక ఇంట్లనన్న ఉన్నడు గదా అనుకున్న. జీపుల తిరిగె నీ అసుంటోడు వాని దోస్తు అన్నరు సూడు, గప్పుడు లేచిన."