కాజాలక్క రెండో కాన్పు

చొక్కాలు కుట్టే ఆ గది ఇప్పుడు లేదు. అట్టపెట్టెలు దాచుకునే గోదాము అయిపోయింది. అయినా అక్కడ పనిచేసిన ఆడవాళ్లు ఏ ఇద్దరు ఎదురుపడ్డా ఇప్పటికీ ఆ గది గురించే మాట్లాడుకుంటారు. రెండో అంతస్తు, పద్దెనిమిది మిషన్లు, కిటికీ పక్కన ఇస్త్రీ బల్ల, మూలన స్టూలు మీద గొంతు బొంగురుపోయిన రేడియో. మిషను నూనె వాసన, వేడి బట్ట వాసన కలిసి జుట్టుకు కూడా పట్టేసేవి. ఇంటికెళ్తే పిల్లలు ముక్కు మూసుకునేవారు. ఆ వాసన కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటుందంటే ఎవరూ నమ్మరు గానీ, నిజంగా కొట్టుకుంటుంది.

కిటికీ వైపు మూడో మిషను కాజాలక్కది. చొక్కాలకు కాజాలు తీయడం ఆమె పని. గుండీ ఎంతో కాజా అంతే, వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. కొత్తగా చేరినవాళ్లు ఆమె అసలు పేరేమిటని అడిగితే పాతవాళ్లు కాసేపు బుర్ర గోక్కోవాల్సి వచ్చేది.

అంత మంచి గదికీ ఒక తెగులు ఉండేది. బాత్రూము కింద, పెరటి అవతల. రెండంతస్తులు దిగి, మళ్లీ ఎక్కి రావాలి. ఎవరైనా మిషను మీంచి లేస్తే చాలు, "అమ్మగారు షికారుకు బయల్దేరారు" అని మిగతావాళ్లు ఆటపట్టించేవారు. ఆ మాట పడలేక అందరూ కలిసి గొప్ప ఉపాయం కనిపెట్టారు. నీళ్లు తాగడం మానేశారు! పొద్దున ఒక గ్లాసు, భోజనం డబ్బా మూత పెట్టేటప్పుడు ఒక గుక్క, అంతే. ఎవరు ఎక్కువసేపు లేవకుండా కూర్చుంటారని పందేలు కూడా నడిచేవి. ఆ పందెంలో కాజాలక్కను కొట్టేవాళ్లు లేరు. గదికంతటికీ పెద్ద అయిన కటింగ్ మాస్టరు కొత్తవాళ్లకు ఆమెను చూపించి, "కూర్చుంటే అలా కూర్చోవాలి" అనేవాడు. ఆమె పొంగిపోయేది. మెచ్చుకోలు మాట అలాంటిది, కొంప ముంచేటప్పుడు కూడా తియ్యగానే ఉంటుంది.

మొదటి కడుపుతో ఉన్నప్పుడూ ఆ పందెం ఆగలేదు. ఆరో నెలలో ఒంటికి వెళ్తే మంట మొదలైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. వేడి చేసిందనుకుని ఊరుకుంది. ఇలాంటివి ఎవరికి చెప్పుకుంటారు, నోరు విప్పితే సిగ్గు కదా! ఏడో నెలలో ఒక మధ్యాహ్నం పొట్ట రాయిలా బిగుసుకుంది. కాసేపటికి వదిలింది. మళ్లీ బిగుసుకుంది. దాంతోపాటే నడుము నొప్పి వచ్చి పోతోంది. పక్క మిషను ఆవిడ, అందరూ వదిన అని పిలిచే మనిషి, ఓరకంట చూసి పసిగట్టింది.

"ఏంటే, మొహం అలా పెట్టావ్?"

"నడుం పట్టేసింది వదినా. ఈ కట్ట అవగానే లేస్తా."

"ఏడో నెలే కదా, ఇప్పట్లో ఏం కాదులే," అంది వదిన, ధైర్యం చెబుదామని.

కట్టలో నలభై చొక్కాలు. కాజాలక్క అన్నీ పూర్తి చేసింది. లేచి నిలబడేసరికి ఉమ్మనీరు పోయింది. ఆసుపత్రికి చేరిన గంటలోపే బాబు పుట్టాడు.

కేజీ నూట యాభై గ్రాములున్నాడు. అద్దాల పెట్టెలో పెట్టారు. ఊపిరి పీల్చినప్పుడల్లా వాడి పక్కటెముకల మధ్య గుంటలు పడేవి. కాజాలక్క కళ్లలో వత్తులు వేసుకుని ఆ గుంటల్నే చూస్తూ కూర్చుంది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం వాడు పోయాడు. ఆమె వాడిని మొదటిసారి ఎత్తుకున్నది ఆ తర్వాతే.

ఇంట్లో తలో మాట అన్నారు. చేతులు పైకెత్తి బట్టలారేసింది, అందుకేనన్నారు అత్తగారు. మెట్లు గబగబా దిగిందని ఇంకొకరు. వాళ్ల మాటలేవీ ఆమెకు తగల్లేదు. ఆ నలభై చొక్కాలే గుండెలో గుచ్చుకుని ఉండిపోయాయి.

రెండేళ్లకు మళ్లీ కడుపు వచ్చింది. తొలిసారి పరీక్షకు వెళ్తుంటే అత్తగారు దారిపొడవునా ఒకటే పాట. "పోయిన బిడ్డ ఊసెత్తకు. శుభమా అని వెళ్తూ ఆ మాటెందుకు? మొదటిదేనని చెప్పు." మనసు చెడ్డదేం కాదు ఆవిడది. మాట ఎత్తకపోతే కీడు దగ్గరకు రాదని ఆవిడ నమ్మకం.

కార్డు రాసే పెద్ద నర్సు, "ఎన్నో కాన్పు?" అని అడిగింది. కోడలు నోరు తెరిచేలోగా అత్తగారు, "మొదటిదేనండీ," అని అందుకున్నారు. నర్సు రాసేసింది. కాజాలక్క మాట మింగేసి గేటు దాకా వచ్చింది. అక్కడ కాళ్లు ఆగిపోయాయి. తొమ్మిది రోజులు ఊపిరి కోసం కొట్టుకున్నవాడు అసలు లేనేలేడని తానే చెప్పినట్టయింది. ఈసారి కడుపులో ఉన్నదానికి ఏమైనా అయితే?

"అత్తయ్యా, మీరిక్కడే ఉండండి," అని వెనక్కి వెళ్లింది. "రాసింది కొట్టేయండి నర్సమ్మా. ఇది రెండోది."

పెద్ద నర్సు కలం కింద పెట్టి, ఆమెను కూర్చోబెట్టి, మొత్తం విన్నది. బట్టలారేసిన సంగతి వినగానే పెద్దగా నవ్వింది. "బట్టలారేస్తే కాన్పులయ్యేట్టయితే ఈ ఆసుపత్రిని డాబా మీదే కట్టేవాళ్లం కదమ్మా!" తర్వాత గొంతు మెత్తబడింది. "ఒకసారి నెలలు నిండకుండా కన్నవాళ్లకు మళ్లీ అలా అయ్యే అవకాశం ఎక్కువ. అది మాకు తెలియాలి. తెలిస్తే మొదటినుంచీ కనిపెట్టుకుని ఉంటాం. నువ్వు చెప్పిన మంట, జ్వరం మూత్రంలో ఇన్ఫెక్షన్ లాగే ఉన్నాయి. మందు వాడకపోతే దానివల్ల కూడా నొప్పులు ముందే రావచ్చు. అదే కారణమని గట్టిగా చెప్పలేను. చాలాసార్లు కారణం మాకూ అంతుపట్టదు. చేతిలో ఉన్నవి మాత్రం చేద్దాం."

చేతిలో ఉన్నవన్నీ చేసింది కాజాలక్క. పెద్ద సీసాతో నీళ్లు తెచ్చుకుని మిషను పక్కనే పెట్టుకుంది. ఐరన్ మాత్రలు ఒక్కరోజు తప్పలేదు. వెళ్లిన ప్రతిసారీ మూత్రం పరీక్ష చేయించుకుంది. ఒకసారి మంటా నొప్పీ ఏమీ లేకుండానే ఇన్ఫెక్షన్ బయటపడింది, మందులు చివరి మాత్ర దాకా మింగింది. సిగరెట్టు వెలిగించిన మొగుడిని వీధిలోకి తోలేసింది. గర్భసంచి ముఖద్వారం పొడవు ఎంతుందో స్కానింగులో చూసి నొప్పులు ముందే రాకుండా డాక్టరు రాసిన మందునూ వదల్లేదు.

గదిలో మాత్రం ఆమె పరువు మట్టిలో కలిసింది. రోజుకు ఎనిమిదిసార్లు దిగి ఎక్కేది. మాస్టరుకు ముక్కు మీద కోపం.

"ఏంటమ్మా, ఈ మధ్య షికార్లు ఎక్కువయ్యాయి!"

"అయితే మీరు మోసి కనండి మాస్టారూ, నేను కదలకుండా కూర్చుంటా."

గదంతా గొల్లుమంది. మాస్టరు కత్తెర వెతుక్కుంటున్నట్టు బల్ల కిందికి వంగాడు. అది మొదలు వదిన కూడా ఆమెతో పాటు కిందికి దిగడం మొదలుపెట్టింది. తర్వాత ఇంకో ఇద్దరు. మెట్ల మీద చెప్పుకున్న కబుర్లున్నాయే, అంత కమ్మని కబుర్లు వాళ్లు మళ్లీ ఎన్నడూ చెప్పుకోలేదు.

ముప్పై మూడో వారం. పొద్దున పదిగంటలకు పొట్ట బిగుసుకుంది. పొట్ట ఆగి ఆగి బిగుసుకుంటే వెంటనే రమ్మని పెద్ద నర్సు చెప్పిన మాట గుర్తొచ్చి కాజాలక్క గోడ గడియారం చూసింది. పది నిమిషాలకు మళ్లీ. ఇంకో పది నిమిషాలకు మళ్లీ. పైప్రాణాలు పైనే పోయాయి. ఇన్ని చేసినా వచ్చేసిందే! ఏడుపు తన్నుకొచ్చింది, కానీ కూర్చుని ఏడవలేదు. సగం తీసిన కాజా మీద సూది అలాగే వదిలేసి లేచింది.

"మాస్టారూ, నేను ఆసుపత్రికి పోతున్నా."

"ఆ ఒక్క చొక్కా..." అనబోయాడు మాస్టరు.

"అది మీరు చూసుకోండి."

వదిన అప్పటికే ఆమె చెయ్యి పట్టుకుని మెట్ల దగ్గరుంది.

ఆసుపత్రిలో నొప్పులు వాయిదా పడేందుకు మందిచ్చారు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఇంజక్షన్లు చేశారు. అవి పనిచేయాలంటే వ్యవధి కావాలి. ఆ వ్యవధి కోసమే ఆమె త్వరగా రావడం మేలైందన్నారు. ఆమె వేళ్లు మడుస్తూ ఒక్కో గంటా లెక్కపెట్టింది. రెండు రోజులు బిడ్డ కడుపులో ఆగింది. మూడో రోజు మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. కేజీ తొమ్మిది వందలు. పుట్టగానే ఏడ్చింది. సన్నటి ఏడుపే, అయినా ఏడుపు!

ఈసారి ఎత్తుకోవడానికి ఎక్కువ రోజులు ఆగనక్కర్లేకపోయింది. పాపను నేరుగా తల్లి గుండె మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి దుప్పటి కప్పారు. ఆ వెచ్చదనమే పెద్ద మందన్నారు. మూడు వారాలు కాజాలక్క గుండెలే ఆ పిల్లకు ఉయ్యాల. మాస్టరు అన్నట్టు, కూర్చుంటే అలా కూర్చోవాలి మరి.

ఇంటికి పంపే రోజున, మొదటి కాన్పు సంగతంతా తెలిసిన డాక్టరమ్మ వచ్చి పాపను చూసి, తల్లికి జాగ్రత్తలు చెప్పి లేవబోతుంటే కాజాలక్క అడిగేసింది.

"డాక్టరుగారూ, అప్పుడు ఆ నలభై చొక్కాలు వదిలేసి వచ్చుంటే మావాడు బతికేవాడా?"

డాక్టరమ్మ మళ్లీ కూర్చుంది.

"తెలీదమ్మా. బతికేవాడేమో, లేదేమో. అబద్ధం చెప్పలేను. అప్పుడు అవి నొప్పులని నీకెవరూ చెప్పలేదు. తెలియని పని నువ్వెలా చేస్తావు?"

కాజాలక్క ఏడ్చింది. వాడు పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. గుండె కదలడంతో దాని మీద పడుకున్న పాప ఉలిక్కిపడి కళ్లు తెరిచింది.

"ఏం లేదే తల్లీ," అంది వీపు నిమురుతూ. "నీకొక అన్న ఉన్నాడు. చెబుతాను, కాస్త పెద్దదానివయ్యాక."

చెప్పింది కూడా. మాటలు బాగా వచ్చినప్పటి నుంచి, మీరెంతమంది పిల్లలని ఎవరు అడిగినా, ఆ పిల్ల తడుముకోకుండా, "ఇద్దరం," అనేది.