వెతకొద్దన్న మాటలు

ఆ పత్రికాఫీసులో ఆయన్ని అందరూ సర్వర్ బాబాయి అనేవారు. ఆ పేరు విని వియ్యపురాలు మొదట్లో కంగారుపడిందట, పిల్లనిచ్చింది హోటల్లో వడ్డించే ఆయన ఇంట్లోనా అని. "హోటల్లో కాదు వదినగారూ, కంప్యూటర్ దగ్గర" అని ఆయన భార్య సర్దిచెప్పింది. ఆవిడ సరేనంది గానీ నమ్మినట్టు మాత్రం కనిపించలేదు.

నిజానికి ఆయన కత్తెరా జిగురుసీసా పట్టుకుని ఉద్యోగంలో చేరిన మనిషి. పత్రికలో వచ్చిన వార్తలు కత్తిరించి ఫైళ్లలో అంటించడం పని. ఆ తర్వాత అరవై ఏళ్ల పత్రికలూ, ప్రకటనలతో సహా, ఒక పెద్ద కంప్యూటర్‌లోకి ఎక్కించారు. అంటించేవాళ్లలో తక్కినవాళ్లు ఇంటికి వెళ్లిపోయారు. ఈయన మాత్రం నలభై అయిదో ఏట పుస్తకాలు ముందేసుకుని, కళ్లజోడు నంబరు రెండుసార్లు మార్పించుకుని, ఆ సర్వర్ని నడపడం నేర్చుకున్నాడు. దానిమీద ఆయనకి గర్వం ఉండేది. ఉండాలి కూడా.

ఆ సర్వర్ పని ఒకటే. ఏ మాట కొడితే ఆ మాట ఉన్న పేజీలన్నీ తెచ్చి చూపించాలి. అరుదైన మాటయితే చిటికెలో తెచ్చేది. మామూలు మాటయితేనే దాని పని అయిపోయేది. ఎవరో విలేకరి తొందరలో 'ప్రభుత్వం' అని కొట్టాడంటే చాలు, అరవై ఏళ్ల ప్రభుత్వాలన్నీ ఒక్కసారే మీద పడి చతికిలపడేది. అది పడితే ఆఫీసంతా చేతులు ముడుచుకు కూర్చోవడమే. "బాబాయ్, మళ్లీ పడిపోయింది!" అని నాలుగు మూలల నుంచీ కేకలు. ఎడిటర్‌గారు కేక వేసేవాడు కాదు, వచ్చి పక్కన నిలబడేవాడు. దాని కంటే కేకే నయం.

చివరికి బాబాయి ఒక ఉపాయం పట్టాడు. సర్వర్‌కి ఒక జాబితా రాసిచ్చాడు: ఈ మాటల్లో ఏ ఒక్కటి అడిగినా వెతకొద్దు, ఏమీ లేదని చెప్పెయ్. సర్వర్ని పడగొట్టిన ప్రతి మాటనీ ఆ జాబితాలో చేర్చుకుంటూ పోయాడు. ప్రకటనల విభాగంలో ఒకావిడ 'పాప' అని కొట్టి పడగొట్టిన రోజున 'పాప' కూడా అందులో చేరింది. అలా మూడొందల మాటలు దాటాయి. ఈ మాట వెతకబడలేదు అని తెరమీద ఒక ముక్క కనిపించేలా చేస్తే బాగుండునని ఆయనకి తట్టకపోలేదు. రేపు చూద్దాంలే అనుకున్నాడు.

రెండేళ్లు సర్వర్ ఒక్కసారి కూడా పడలేదు. ఎడిటర్‌గారు మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ సంగతి బాబాయి ఇంట్లో అదే రోజు మూడుసార్లు చెప్పాడు. ఇక ఆ జాబితా సంగతి మర్చిపోయాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. బట్టలు కుట్టే షాపు నడుపుతుందట, మెళ్లో టేపు తియ్యడం కూడా మర్చిపోయి వచ్చేసింది. అయిదేళ్లప్పుడు రైల్వేస్టేషన్లో ఒంటరిగా దొరికితే ఎవరో అనాథాశ్రమంలో చేర్చారు. చేరిన తేదీ అక్కడి రిజిస్టర్లో ఉంది.

"ఆశ్రమంలో పెద్దమ్మ ఒకావిడ, మీవాళ్లు నిన్ను వదిలేసి పోయారే అనేదండి. నన్ను పోగొట్టుకున్నారా, వదిలేశారా, అదొక్కటీ తెలిస్తే చాలు నాకు. పోగొట్టుకున్నవాళ్లయితే పేపర్లో వేయించి ఉంటారు కదండీ?"

"ఎందుకు వేయించరమ్మా! కూర్చోండి, క్షణంలో చెప్తాను" అన్నాడు బాబాయి. ఒంటిమీద ఏముండేదని అడిగాడు. నీలం గౌను, భుజం మీద మూడు తెల్ల గుండీలు అంది. గౌను సంగతి కుట్టేవాళ్లకి బాగా గుర్తుంటుంది. 'పాప నీలం గౌను' అని కొట్టాడు. జవాబు రెప్పపాటులో వచ్చింది. ఏమీ లేదు.

ఇక్కడే మనిషి మీద ఒళ్లు మండేది. తేదీ తెలుసు. ఆ సంవత్సరం పత్రికలు నెలవారీగా కుట్టి అట్టలేసిన బైండ్లు గోడ అవతలి గదిలోనే ఉన్నాయి. పాతికేళ్లు ఆ పేజీలు తిరగేసి బతికినవాడు, లేచి రెండు బైండ్లు దింపితే సాయంత్రానికి తేలిపోయేది. కానీ సర్వర్ అంత జోరుగా జవాబిచ్చింది. అది పడిపోకపోవడమే నిజం చెప్పినట్టు అనుకున్నాడాయన.

"లేదమ్మా. ఎవరూ వేయించలేదు."

ఆవిడ లేచింది. "పోన్లెండి, తేలిపోయింది" అని, ఎందుకైనా మంచిదని చీటీ మీద షాపు అడ్రసు రాసిచ్చి, ఆయనకి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

తొమ్మిది నెలలకి ఆఫీసువాళ్లు సర్వర్‌కి జవసత్వాలు పెంచారు. ఆ పనికొచ్చిన ఇంజనీరమ్మ పాత జాబితా చూసి, "ఇదెందుకండీ ఇంకా? ఎన్ని మాటలైనా తట్టుకుంటుందిప్పుడు" అంటూ చదవడం మొదలుపెట్టింది. 'పాప' దగ్గరికి వచ్చేసరికి బాబాయికి నీలం గౌను గుర్తొచ్చింది. ఇంజనీరమ్మ జాబితా తీసేయగానే అవే మూడు మాటలు కొట్టాడు.

పదకొండేళ్లు వేయించారు. మొదటి నెలంతా రోజూ, తర్వాత ప్రతి ఏడూ అదే తేదీన. 'అయిదేళ్ల పాప. నీలం గౌను, భుజం మీద తెల్ల గుండీలు. రద్దీలో చెయ్యి వదిలింది నేనే. తెచ్చినవారికి జన్మంతా రుణపడి ఉంటాను. తల్లి.' కింద ఇంటి అడ్రసు.

బాబాయి సెలవు కూడా అడక్కుండా ఆ అడ్రసుకి పరిగెత్తాడు. తలుపు తీసినాయన ఆ పాప తమ్ముడు. విషయం విని గోడకి చేరగిలబడి, "అమ్మ పోయి ఏడు వారాలైందండీ" అన్నాడు. "ఇల్లు మారదామంటే చివరిదాకా ఒప్పుకోలేదు."

కుట్టు షాపుకి వెళ్లే దారంతా బాబాయి ఒక్క మాటే నూరుకున్నాడు: ఎప్పుడో పోయారమ్మా, చాలా ఏళ్లయింది. అలా అంటే ఆవిడకి బాధ తగ్గుతుందనుకున్నాడు. తనకి ఎంత తగ్గుతుందో కూడా తెలుసు.

అమ్మగారు లేరని మాత్రం చెప్పి, అచ్చుతీసి తెచ్చిన ప్రకటనలు చేతికిచ్చాడు. ఆవిడ ఆ కాగితాలన్నీ కటింగు బల్ల మీద పరుచుకుని చదివింది. చాలాసేపు చదివింది.

"నేను మీ దగ్గరికి వచ్చిన రోజున ఉందాండీ మా అమ్మ?"

నూరుకున్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "ఉన్నారమ్మా" అన్నాడు.

ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని బాబాయి ప్రాణం కొట్టుకుంది. జరిగిందంతా చెప్పాడు, జాబితా సంగతీ, బైండ్ల సంగతీ, ఏదీ దాచకుండా.

"పక్కగదిలోనేనా?"

"గోడ అవతలే."

"ఒక్కమాట చెప్పాల్సిందండీ" అంది ఆవిడ. "మీకు తీరిక లేకపోతే నేనే కూర్చుని తిరగేసుకునేదాన్ని. ఆ రోజు షాపు మూసేసే వచ్చాను."