తొమ్మిది నిమిషాల జబ్బు

తీగలక్క సాధించిన మొదటి గెలుపు ఒక ఫైరింజను సైరను. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. పేరుమోసిన మెకానిక్కులు నలుగురు చేతులెత్తేసిన బండి అది. ఎడమకు తిరిగితే చాలు, సైరను మూగబోయేది. మూడు రోజులు బండి కింద వెల్లకిలా పడుకుని, నాలుగో రోజున ఒరుసుకుపోయిన అంగుళం తీగను పట్టుకుంది. ఫైరాఫీసరు స్వయంగా వచ్చి ఆమె మసి చేతిని పట్టుకుని అభినందించాడు. తన చేతిని వెంటనే తుడుచుకోలేదు కూడా.

తరువాతి ముప్పై ఎనిమిదేళ్లలో ఆమె చేతి మీదుగా పదకొండు అంబులెన్సులు, లెక్కలేనన్ని స్కూలు బస్సులు, ఒక రోడ్డు రోలరు బాగుపడి వెళ్లాయి. రెండు తీగల చివర బల్బు కట్టిన టెస్టు లాంపు ఒక్కటే ఆమె ఆయుధం. ఓడిపోయి తిప్పి పంపిన బండి లేదు. ఇది గొప్పకు చెప్పే మాట కాదు, ఆ వీధిలో ఎవరినడిగినా చెబుతారు.

అలాంటి ఆమె షెడ్డు ముందుకు పోయిన సోమవారం పొద్దున్నే ఒక పాతకాలపు కారు వచ్చి ఆగింది. దాని వయసు యజమాని వయసుకు పదేళ్లే తక్కువ. ఆ యజమాని నలభై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన డ్రైవరు. తీగలక్కకు వరసకు బాబాయి. వెంట ఇంజనీరు కొడుకు కూడా దిగాడు.

హెడ్‌లైట్లు వెలుగుతూ వెలుగుతూ ఉన్నట్టుండి ఆరిపోతున్నాయి. శుక్రవారం పెద్దాయన తొంభై ఏళ్ల అక్కగారిని చూడటానికి ఈ కారులోనే బయలుదేరాలి. దారిలో పొడవాటి సొరంగం ఉంది. లారీల వెనక నత్తనడకన పోతే పావుగంట పైనే పడుతుంది.

"ఆరితే నాకు మందు తెలుసమ్మాయ్," అంటూ బాబాయి డాష్‌బోర్డు మీద అరచేత్తో చరిచాడు. "నాలుగు తగిలిస్తే చచ్చినట్టు వెలుగుతాయి."

"సొరంగంలో కూడా తబలా వాయిస్తావా నాన్నా?" అని కొడుకు విసుక్కున్నాడు. "అక్కా, గురువారానికి బాగైతే సరే. లేదంటే కారు తాళాలు నా దగ్గరే ఉంటాయి. ఇంకెప్పటికీ ఇవ్వను. నాన్న నా కారులో వెనక సీట్లో వస్తాడు."

"విన్నావా? నన్ను వెనక సీట్లో కూర్చోబెడతాడట!" అన్నాడు పెద్దాయన. నవ్వబోయి, ముఖం కారు వైపు తిప్పుకున్నాడు.

ఆ మాట విన్నాక తీగలక్క ఇక వేరే బండి ముట్టుకోలేదు.

కొడితే వెలుగుతున్నాయంటే ఎక్కడో తీగ వదులైనట్టే. అంతకుముందు చూసిన ఇద్దరు మెకానిక్కులూ అదే అన్నారు. తీగలక్క కూడా అదే నమ్మి, సోమ మంగళవారాలు రెండూ ప్రతి తీగనూ కదిపి, లాగి, బిగించింది. షెడ్డులో వేసి చూసిన కాసేపూ లైట్లు ఆరలేదు. ఇంటికి తీసుకెళ్తే మళ్లీ ఆరిపోయాయి.

"ఓడిపోయావని బోర్డు రాసి పెట్టనా?" అన్నాడు ఆమె భర్త. పక్క కొట్లోనే టైలరు. మెడలో టేపు వేలాడుతూనే ఉంటుంది.

"నీ టేపుతో నీ నోటి కొలత తీసుకుని కుట్టేసుకో," అందామె.

బుధవారం పద్ధతి మార్చింది. కారు ముక్కు షెడ్డులోకి, తోక వీధిలోకి పెట్టించి, ఇంజను ఆపకుండా లైట్లు వేయించింది. గోడ గడియారాన్ని చూస్తూ స్టూలు మీద కూర్చుంది. సరిగ్గా తొమ్మిదో నిమిషంలో గోడ మీది వెలుగు ఆరిపోయింది. బాబాయి చెయ్యి డాష్‌బోర్డు మీదికి లేచింది. ఆమె ఒక్క ఉరుకున వెళ్లి మణికట్టు పట్టుకుంది.

"చేతులు తొడల కింద పెట్టుకో బాబాయ్."

"నేనేమన్నా బళ్లో పిల్లాణ్ణటే?"

"పిల్లాడైతే చెప్పినమాట వినేవాడు. పెట్టుకో."

పెట్టుకున్నాడు. ఆమె అంకెలు లెక్కపెట్టింది. నలభై రెండు దగ్గర లైట్లు వాటంతటవే వెలిగాయి.

"ఎవరు కొట్టారు?" అని అడిగింది.

"ఎవరూ కొట్టలేదు." పెద్దాయన తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు. "మరి ఇన్నాళ్లూ నేను కొట్టింది?"

"చేతికి వ్యాయామం."

రెండోసారి ఆరినప్పుడు టెస్టు లాంపు పెట్టి చూసింది. స్విచ్చిలోకి కరెంటు వస్తోంది, బయటికి పోవడం లేదు. స్విచ్చి ఒళ్లు కాలిపోతోంది. బ్యాటరీ తీగ విప్పి, స్విచ్చి ఊడదీసింది. లోపల చిన్న రేకు ఉంది. మితిమీరి వేడెక్కితే వంగి కరెంటు ఆపుతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది. పాపం, దాని పని అది చేస్తోంది. మరి ఆ వేడి ఎక్కడిది? బల్బులు విప్పి అంకెలు చూసింది. కారుతో వచ్చినవాటికి రెట్టింపు తినే బల్బులవి.

గురువారం సాయంత్రం ఇంజనీరు వచ్చాడు.

"ఈ బల్బులు ఎవరు వేయించారు తమ్ముడూ?"

"నేనే. నాన్నకు దారి బాగా కనిపించాలని..." అంటూ ఆగిపోయాడు.

"మంచి పనే చేశావు. మోసే స్విచ్చిని మాత్రం అడగలేదు."

అతను తండ్రి వైపు చూడలేకపోయాడు. తీగలక్క ఆ బల్బులు తీసేయలేదు. ఒక్కో లైటుకు స్విచ్చి బదులు కరెంటు మోసే రిలే ఒక్కోటి పెట్టి, ఫ్యూజులు వేసి, బరువంతా వాటి మీదికి మళ్లించింది. మసి తుడిచిన పాత స్విచ్చికి ఇప్పుడు వెలగమని హుకుం ఇవ్వడమే పని. ముగ్గురూ గోడకేసి చూస్తూ నిలబడ్డారు. తొమ్మిది నిమిషాలు దాటాయి, ఇరవై దాటాయి, నలభై అయ్యాయి. స్విచ్చి మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది.

"ఇది షెడ్డు గోడ అక్కా, సొరంగం కాదు," అన్నాడు కొడుకు, కారు ఆపి తాళాలు జేబులో వేసుకుంటూ. ఈసారి గొంతులో విసుగు లేదు, భయం ఉంది.

"అయితే పక్క సీట్లో నేను కూర్చుంటాను. టెస్టు లాంపు ఒళ్లో పెట్టుకుని. చాలా?"

 అతను జేబులోంచి తాళాలు తీసి తండ్రి చేతిలో పెట్టాడు.

శుక్రవారం తెల్లవారగానే కారు కదిలింది. మధ్యాహ్నం పెద్దాయన టైలరుకు ఫోను చేసి సొరంగం దాటేశామని కేకలు పెట్టి మరీ చెప్పాడు. ముప్పై ఎనిమిదేళ్లలో మొదటిసారి మూతపడిన షెడ్డు ముందు నిలబడి, వచ్చిన ప్రతివాడికీ టైలరు గర్వంగా ఒకే మాట చెబుతున్నాడు: మా ఆవిడ అదే కారులో పద్దెనిమిదో తేదీ, మంగళవారం సాయంత్రానికి వస్తుంది.