ఎడమ భుజం

మా ముత్తాత మునెప్ప గుర్రం మీద వస్తుంటే పుంగనూరు సంతలో జనం పక్కకు జరిగేవారు. తాత చెంగప్ప మాటకు కుప్పం దాకా ఎదురు లేదు. వాళ్ళ భూములు నా వరకు రాలేదు. వచ్చింది ఒక్కటే, జాతరలో అమ్మవారి పల్లకి దండెకు ముందువైపు ఎడమ భుజం పట్టే హక్కు. ఆ దండె నేను మోయలేదు. భార్య పోయినవాడు దాన్ని ముట్టకూడదని మా ఆచారం. ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు వేరు. మీకు చెబుతున్నాను.

మోసేది నా తమ్ముడు గోపాలప్ప. అతని ఎడమ ఛాతీ మీద, చర్మం కింద పేస్‌మేకర్ ఉండేది. దాన్నుంచి ఒక సన్నని తీగ గుండెలోకి దిగుతుంది. ఆ ఏడు జాతరకు ముందు కుప్పంలో పరీక్ష చేయించాం. తమ్ముడు టీకి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. పెట్టె బాగానే ఉందట. తీగే, ఏళ్ళ తరబడి మెడ ఎముక కింద నలిగి, పైపొర చిట్లుతోందట. త్వరగా మార్చాలి, అంతవరకు ఆ భుజం మీద బరువు పడకూడదు అంది. తల ఊపాను. జాతర కాగానే మార్పిద్దాం అనుకున్నాను. ఒక్క ఏడు మా భుజం తప్పితే హక్కు పక్క వీధివాళ్ళకు పోతుంది. అదేనా కారణం? అదే. తమ్ముడు దిగులుపడతాడని దాచాననో, ఆమె మాట సరిగా అర్థం కాలేదనో, ఇంకో కారణమేదైనా దొరుకుతుందేమోనని ఎన్నోసార్లు నాలో నేను వెతికి చూసుకున్నాను. దొరకలేదు.

బస్సులో తమ్ముడు అడిగాడు.

“డాక్టరమ్మ ఏమనిందన్నా?”

“ఏమీ లేదప్పా. బాగుండాది.”

“అయితే ఈసారీ మనమే. పక్క వీధోళ్ళు భుజాలకు నూనె రాసుకోని కాసుకోనుండారు, పాపం.”

నవ్వాడు. కిటికీలో చింతచెట్లు వెనక్కి తేలిపోతున్నాయి.

జాతర పొద్దున ఎండలో పసుపు ఎగిరింది. ఆ పసుపు మబ్బులో తమ్ముడు నేల మీద నడుస్తున్నట్టు లేడు. డప్పులే అతని గుండె బదులు కొట్టుకుంటున్నట్టు ఇప్పటికీ కలలో వినిపిస్తుంది. అంతలో దండె ఒక పక్కకు ఒరిగింది. మదనపల్లె ఆసుపత్రి చేరేలోపే తమ్ముడు పోయాడు.

అమ్మవారిని మోస్తూ పోయిన పుణ్యాత్ముడని ఊరంతా మా గడప ముందు చేతులు జోడించింది. ఆ మర్యాదను నిటారుగా నిలబడి అందుకున్నాను.

“తీగకు వయసైపోయిండాదంట బావా,” అంది మరదలు.

మళ్ళీ తల ఊపాను.

ఆమె ఇది చదవదు. చదివినా, క్షమించమని అడిగే ముఖం నాకు లేదు. రాశాక మాత్రం ఊపిరి కాస్త లోపలిదాకా పోతోంది.

తమ్ముడికీ నాకూ కొడుకులు లేరు. మరుసటి జాతరకే హక్కు పక్క వీధివాళ్ళకు వెళ్ళింది. జాతరనాడు దండె చివరలకు తొడగడానికి మా తాత చేయించి ఇంట్లో ఉంచిన వెండి పొన్నులు పుంగనూరులో అమ్మేశాను.