సముద్రానికి నల్లగీత

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో రేపల్లెలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఇల్లు తెనాలిలో. పొద్దున ప్యాసింజరు, సాయంత్రం మళ్ళీ అదే. నాకు కోపం ఎక్కువ. సీటు దగ్గర గొడవపడి ఆ సంగతి బండిలో అందరికీ తెలిసేలా చేసుకున్నాను.

సరిహద్దుల పాఠం మాత్రం ఎంతో ఇష్టంగా చెప్పేదాన్ని. తెల్లకాగితానికి కొబ్బరినూనె రాస్తే కింది గీత పైకి కనిపిస్తుంది. మద్రాసు ప్రెసిడెన్సీ, ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్, మూడు పటాలూ ఒకే కొలతలో దించి, ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీకి ఆనించమనేదాన్ని.

"చూశారా, మనం ఉన్నచోటే ఉన్నాం, గీతలే కదిలాయి. సరిహద్దులకు మూడు రంగులు వాడండి. సముద్రానికి మాత్రం నల్లగీత. అది ఎక్కడికీ పోదు."

ఆ మాట నాకే ఎంతో నచ్చేది. ఏటా చెప్పేదాన్ని.

ఆ ఏడు తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల ఉండేది. సముద్రం ఒడ్డు పల్లె, ఇంట్లో అందరూ వేటకెళ్ళేవాళ్ళు. తను హాస్టల్లో ఉండి చదువుకునేది. బాపట్లలో స్కూళ్ళ ఎగ్జిబిషన్‌కు మా బడి నుంచి ఒక్కరి పటాలే వెళ్తాయి, వాటితోపాటు గీసిన పిల్లా వెళ్తుంది. తనంత చక్కగా గీసేవాళ్ళు ఇంకెవరూ లేరు. బాపట్ల వెళ్తున్నానని ఊళ్ళో అమ్మమ్మకు కబురు కూడా పెట్టుకుంది.

తను తెచ్చిన పటాలు కిటికీకి ఆనించగానే ఒళ్ళు మండిపోయింది. సరిహద్దులు బాగానే ఉన్నాయి. రేపల్లె కింద సముద్రం గీత మాత్రం మూడు కాగితాల్లో మూడు చోట్ల ఉంది.

"ఏంటే ఇది? సముద్రానికి కాళ్ళొచ్చాయా?"

క్లాసంతా గొల్లుమంది.

"నిజంగానే ముందుకు జరిగిందండి టీచర్."

"ఎదురు చెప్పకు!" అని ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాను. బాపట్లకు ఇంకో పిల్లను తీసుకెళ్ళాను.

మరుసటి వారం వాళ్ళ అమ్మమ్మ ఎండుచేపల పొట్లం పట్టుకుని బడికొచ్చింది.

"మా పిల్ల బాపట్ల వెళ్ళలేదా పంతులమ్మగారూ? మా ఊరు గీసి అందరికీ చూపిస్తానందే! నేను కాపురానికొచ్చిన ఇల్లు, ఆ తర్వాత వేసుకున్న ఇల్లు, రెండూ ఇప్పుడు నీళ్ళలోనే ఉన్నాయండి. ఇప్పుడుంటున్నది మూడోది. ఏ ఇల్లు ఏనాటిదో, ఒడ్డు అప్పుడెక్కడుందో అడిగి అడిగి రాసుకుంది."

నేను పుస్తకంలో చూసి చెప్పిన పాఠాన్ని ఆ పిల్ల ఇంట్లో అడిగి నేర్చుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు క్లాసులో అందరి ముందూ తప్పు నాదేనని ఒప్పుకున్నాను. నూనె రాసిన కాగితాలు నేనే ఇచ్చి, "నీకు తెలిసినట్టే మళ్ళీ గియ్యమ్మా, వచ్చే ఏడు బాపట్లకు ఇవే పంపిద్దాం" అన్నాను. సరేనని తలూపింది.

రెండు రోజుల్లో గీసి తెచ్చింది. కిటికీకి ఆనించాను. సరిహద్దులు మూడు రంగుల్లో ఉన్నాయి. సముద్రానికి మాత్రం మూడింటిలోనూ ఒకే చోట నల్లగీత. వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇదేంటమ్మా? మీ అమ్మమ్మ ఇళ్ళేవి?"

"మీరు చెప్పినట్టే గీశానండి టీచర్," అంది నెమ్మదిగా. "పరీక్షలో ఇలా గీస్తేనే కదండీ మార్కులు."