ఎనిమిదో తరగతిలో అమెరికా ఓడ

ఎనిమిదో తరగతి పిల్లలకు అమెరికా చరిత్ర చెప్పబోయి నేనొక ఓడను ముంచాను. తమిళనాట కోవిల్‌పట్టిలో సముద్రమెక్కడిది అంటారేమో. ఓడ ముంచేవాడికి సముద్రం దేనికండీ, నాలుగు బెంచీలు చాలు.

తొంభైల నడిమి సంగతి. నాకు ఇరవై మూడేళ్ళు. విరుదునగర్ నుంచి రోజూ బస్సులో వచ్చి అక్కడి బళ్ళో పాఠాలు చెప్పేవాణ్ణి. ఏడాదైనా ఉద్యోగం ఖాయం కాలేదు. ఒకరోజు హెడ్మాస్టరు పిలిచి, శుక్రవారం నీ పాఠం చూస్తాను, బాగుంటే ఖాయం, లేకుంటే నీ దారి నీది అన్నారు. ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఆ బళ్ళో లేరు.

ఎన్ని జాతులవాళ్ళు కలిస్తే అమెరికా అయిందన్నది పాఠం. ఊరికే చదివితే నాకే నిద్రొస్తుంది. అందుకని నాటకం వేద్దామనుకుని బెంచీలు జోడించి ఓడ చేశాను. మీ పెద్దలు ఎక్కడివాళ్ళో ఇంట్లో అడిగి రండి, బయటినుంచి వచ్చినవాళ్ళు ఓడెక్కాలి, ఈ మట్టివాళ్ళు గట్టున నిలబడి స్వాగతం చెప్పాలి అన్నాను. తమిళంలోనే లెండి. మా ఇంటి తెలుగు ఏనాడూ విరుదునగర్ బస్టాండు దాటి రాలేదు. మహా అయితే బట్టలకొట్టు సేట్‌గారమ్మాయి ఒక్కతే ఓడెక్కుతుందని నా అంచనా. గట్టున స్వాగతం చెప్పే అమెరికా ఆదివాసుల పెద్దను నేనే. తలకు గుడ్డ చుట్టి మూడు కోడి ఈకలు కూడా గుచ్చుకున్నాను.

శుక్రవారం హెడ్మాస్టరు వచ్చి వెనక కూర్చున్నారు. సేట్‌గారమ్మాయి ఓడెక్కింది. తర్వాత వేణి అనే పిల్ల లేచి, ఎవరో రాజు తరిమితే తమవాళ్ళు ఉత్తరాన తెలుగు సీమనుంచి పారిపోయి వచ్చారనీ, ఏరు అడ్డమొస్తే పుంగచెట్టు, అంటే మన కానుగచెట్టు, వంగి దారిచ్చిందనీ చెప్పి ఎక్కింది. దాని వెనక రామస్వామి. వాళ్ళకూ అదే చెట్టు. ఆ వెనక ఇంకో పన్నెండుమంది. ఇన్ని ఇళ్ళకోసం వంగిన ఆ చెట్టు నడుము ఏమైందో పాపం. అది చూసి తూత్తుకుడి నుంచి వచ్చామని ఒకడు, కయత్తారు నుంచి వచ్చామని ఇంకొకడు, బస్సులో వచ్చినవాళ్ళు కూడా ఓడెక్కేశారు. చివరికి గట్టున మిగిలింది ఈ మట్టిదే అయిన ఒక చిన్నపిల్లా, నేనూ.

వేణికి అన్నం క్యారియర్ తెచ్చిన వాళ్ళ అవ్వ గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తోంది. ఆమె పుట్టినూరు మా తాత ఊరే. ఆ సంగతి నేను మరిచాను, ఆమె మరవలేదు.

"ఏమి అబ్బయ్యా, బిడ్డల్నంతా ఎక్కించి నువ్వు మాత్రం ఈకలు పెట్టుకోని గట్టున నిలబడుండావే. మీ తాత ఈడనే మొలిచినాడా? మాకు పుంగచెట్టు కత చెప్పిందే ఆయన గదా."

తరగతంతా నా ఈకలవైపు చూసింది. ఓడ దిగాక బోడి మల్లయ్య అంటారు. నేను ఎక్కకుండానే బోడి మల్లయ్యనయ్యాను. ఇక ఉద్యోగం విరుదునగర్ బస్సెక్కినట్టే అనుకున్నాను.

హెడ్మాస్టరు మెల్లగా లేచి వచ్చారు. నా తలమీది ఈకలు తీసి గట్టున ఉన్న చిన్నపిల్లకిచ్చారు. తర్వాత ఓడ దగ్గరకు నడిచి, ఆ బళ్ళో ఎవరూ ఎన్నడూ ఆయన నోట వినని తెలుగులో అన్నారు.

"జరగండమ్మా. మావాళ్ళకీ ఆ చెట్టే." పైకెక్కి నావైపు తిరిగారు. "నువ్వూ ఎక్కప్పా."

ఎక్కాను. ఓడ అంతవరకే ఓర్చుకుంది. ఫెళ్ళుమని విరిగి అమెరికా మొత్తం నేలమీద పడింది. అందరికంటే అడుగున హెడ్మాస్టరు. కళ్ళజోడు వెతుక్కుంటూ ఆయన నవ్వుతున్నారు.

"పాఠం బాగుండాది. సోమవారం నించి నువ్వు ఖాయం. బెంచీలు మాత్రం ఖాయం గాదు."

అందుచేత, ఎన్ని ఇళ్ళకైనా విసుక్కోకుండా వంగిన ఆ పుంగచెట్టు సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఇకమీదట ఏ దేశపు చరిత్ర చెప్పినా ముందు మా తాతనడుగుతాను, ఆ తర్వాత వడ్రంగిని.