మంచాల వాళ్లకు విజిటింగ్ అవర్స్

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది వానాకాలంలో, ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీదున్న ఒక ఎముకల దవాఖానలో నేను అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరుగా చేరాను. వినడానికి కలెక్టరు తరువాతి హోదాలా ఉంటుంది గానీ, వైద్యం కానిదంతా ఆ ఆఫీసరు నెత్తి మీదే ఉంటుంది. ఆక్సిజన్ సిలిండరు రాకపోయినా, బాత్రూములో నల్లా కారినా, డాబా మీదికి కోతులు దిగినా జవాబు చెప్పాల్సింది నేనే. కోతుల విషయమై ఒక సర్క్యులర్ కూడా జారీ చేశాను. అవి చదివినట్టు దాఖలా లేదు.

యజమాని డాక్టర్ యాదగిరి. ఎముకల సర్జన్, మంచి హస్తవాసి. ఆయన సుత్తి చేతిలోకి తీసుకుంటే విరిగిన ఎముక భయపడి తనంతట తానే అతుక్కుంటుందని నేను ప్రచారం చేసేవాడిని. ఆయన ఖండించేవాడు, అయితే అంత గట్టిగా కాదు.

చిన్న దవాఖాన నడపడం గురించి తెలుసుకోవాలనుకునే వాళ్లకు మొదట చెప్పాల్సిన మాట ఒకటుంది. మాకు పోటీ పక్క దవాఖాన కాదు, బస్సు. పక్కనున్న మంచాల ఊరి నుంచి విరిగిన చెయ్యి పట్టుకుని బయలుదేరినవాడు ఇబ్రహీంపట్నంలో దిగాలి. దిగకుండా కూర్చున్నాడా, మన్నెగూడ దాటి నేరుగా పట్నంలో, అంటే రాజధానిలో, ఏదో అద్దాల ఆసుపత్రి ఒళ్లో పడతాడు. వాడిని మా దగ్గర దింపేదెట్లా అన్నదే మా వ్యాపార శాస్త్రం మొత్తం. సీటీ స్కాన్ మిషన్ ఉంటే దిగుతారని డాక్టరుగారి నమ్మకం. ఆ మిషన్ ఖరీదుకు దవాఖాన, డాక్టరు, నేను ముగ్గురం కలిసి అమ్ముడుపోయినా చాలదు. అందుకని పట్నంలో ఒక పెట్టుబడిదారును పట్టుకున్నారు. సంతకం చేసేముందు దవాఖానను ఒక దారికి తెమ్మని ఆయన తన సలహాదారును పంపాడు. అతని పేరు శ్రీకర్.

శ్రీకర్ టై కట్టుకునేవాడు. ఇబ్రహీంపట్నం ఉక్కపోతలో టై కట్టుకుని రోజంతా ప్రాణాలతో ఉండడం సామాన్యమైన సంగతి కాదు. ఆ దేహదారుఢ్యాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. వచ్చీ రాగానే ముందు గదికి అద్దాల తలుపు పెట్టించాడు. అది ఎంత శుభ్రంగా ఉండేదంటే, తలుపు లేదనుకుని వచ్చి గుద్దుకున్నవాళ్ల వల్లే ఓపీ కొంత పెరిగిందని నా అనుమానం. గేటు దగ్గర ఒక సెక్యూరిటీ గార్డును నిలబెట్టాడు. అతని మీసం కుడివైపు సగమే మండలం మొత్తానికి కాపలా కాయగలదు. చివరగా పాసుల పద్ధతి తెచ్చాడు: అడ్మిటైన రోగికి ఒక పాసు, ఒక తోడు మనిషి. మిగతావాళ్లు సాయంత్రం ఐదు నుంచి ఆరు లోపల రావాలి.

నేను అభ్యంతరం చెప్పాను. మా చుట్టుపక్కల ఊళ్లలో అది బర్రెలను పిండే వేళ అనీ, పాలకేంద్రం మన కోసం ఆగదనీ, బర్రెలకు సర్క్యులర్ పంపినా కోతుల అనుభవమే ఎదురవుతుందనీ వివరించాను. శ్రీకర్ మర్యాదగా విన్నాడు. మంచి ఆసుపత్రులన్నీ ఇట్లాగే నడుస్తాయని చెప్పి గేటు మీద బోర్డు కొట్టించాడు.

ఆ బోర్డు పెయింటు ఆరకముందే, ఒక తెల్లవారుజామున మంచాల నుంచి నర్సమ్మను తీసుకొచ్చారు. పెద్ద వయసు, వ్యవసాయ కుటుంబం. పశువుల కొట్టంలో తడి బండ మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆ వయసులో తుంటి విరిగితే ఆపరేషన్‌కు ఆలస్యం చేయకూడదు. మంచానికి అంటుకున్నకొద్దీ ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది, వీపు పుండ్లు పడుతుంది. ఎముక కన్నా ముందు మనిషి పోతుంది. రక్తం, గుండె పరీక్షలు చేయించి, మత్తు డాక్టరు చూసి, మర్నాడు పొద్దున ఆపరేషన్ అని నిర్ణయించారు.

మర్నాటి దాకా బాగుండేదే, మంచాల నిద్ర లేవకపోయి ఉంటే.

మంచం పట్టిన మనిషిని చూసి, నాలుగు మాటలు మాట్లాడి రావడాన్ని మా వైపు మందలించుడు అంటారు. ఇది మొహమాటానికి చేసే పని కాదు. రాని చుట్టం పేరు రెండు తరాల పాటు గుర్తుంటుంది. ఆ పొద్దునే పాలకేంద్రంలో పాలు పోసి రాగానే మంచాల కదిలింది. ఆటోలు వచ్చాయి, డీసీఎం వ్యాను వచ్చింది, బస్సు మా గేటు ముందే ఖాళీ అయి చిన్నబోయింది. ఆ రోజు ఊళ్లో కోళ్లు తప్ప ఎవరూ మిగల్లేదని నా అంచనా. తలా ఒక కొబ్బరి బోండం. ఆ నీళ్లన్నీ ఒకచోట పోసి ఉంటే మా ఇబ్రహీంపట్నం చెరువు ఆ ఏడే అలుగు పారేది.

గార్డు చెయ్యి అడ్డం పెట్టి పాసు చూపమన్నాడు.

"మా మేనత్తను జూడనీకి పాసెందుకే? గిదేమన్న సెక్రటేరియటా?" అన్నాడు ముందున్నవాడు.

"సాయంత్రం ఐదింటికి రార్రి."

"ఐదింటికి నా బర్రెను నువ్వు పిండుతవా మరి?"

గార్డు మీసం సవరించుకుని గేటుకు ఇంకాస్త అడ్డంగా జరిగాడు. లొల్లి పెరిగింది. రోడ్డు మీద పోతున్న బస్సుల్లోవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి, ఈ దవాఖానలో ఎవరో పోయినట్టున్నారని చెప్పుకోవడం నా చెవులతో విన్నాను. మా వ్యాపార శాస్త్రం ప్రకారం అంతకన్నా ఘోరం లేదు.

అప్పుడు నర్సమ్మ కొడుకు జంగారెడ్డి నా గదికి వచ్చాడు. అరవలేదు. అదే నన్ను భయపెట్టింది.

"సార్, మా అమ్మను ఇడిశిపెట్టుర్రి. పట్నం తీస్కపోతం."

వైద్యుల సలహాకు విరుద్ధంగా రోగిని తీసుకుపోతే బంధువులు ఒక కాయితం మీద సంతకం చేయాలి. అది చేస్తే చట్టప్రకారం మా చేతులు కడుక్కున్నట్టే. నర్సమ్మ తుంటికి మాత్రం చట్టం తెలియదు. విరిగిన ఎముకతో జీపులో కుదుపులు, అక్కడ మళ్లీ పరీక్షలు, మళ్లీ వరుసలో ఎదురుచూపు. ఆ ఆలస్యంతో ఆమె బతుకుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. పట్నం ఆసుపత్రిలో కూడా గేటు ఉంటుంది కదా, పాసు ఉంటుంది కదా, ఈ కష్టమెందుకని అడిగాను.

"ఆడికి ఎవ్వలు రారు సార్. దూరమని అందరికి ఎరుకే, తప్పు పట్టరు. ఈడికైతే వచ్చిండ్రు. గేటు కాడికెళ్లి ఎనుకకు పంపితె ఇజ్జత్ ఎవలది పోతది? నాది పోతది. రేపు నా ఇంట్ల పెండ్లయితె ఒక్కడు తొంగిచూడడు."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆసుపత్రి నిర్వహణ గురించి నాకు అందిన పాఠాల్లో ఇంత సూటిగా చెప్పింది ఇంకోటి లేదు. మేం ఊరికి దగ్గరగా ఉన్నాం కాబట్టే ఊరు వచ్చింది. దగ్గరగా ఉండడం తప్ప అమ్ముకోవడానికి మా దగ్గర వేరే సరుకు లేదు. దాన్నే గేటు పెట్టి ఆపుకున్నాం.

డాక్టర్ యాదగిరి థియేటర్లో ఇంకొకరి కాలు సరిచేస్తున్నారు. మధ్యలో పిలవడానికి వీల్లేదు. నేను డ్యూటీ డాక్టరును అడిగాను: వీళ్లను వార్డులోకి పంపవచ్చా? వద్దే వద్దన్నాడు. రేపు ఒంట్లో లోహపు కీలు పెట్టబోతున్న మనిషి చుట్టూ ఇంతమంది చేరి దగ్గడం ప్రమాదం. ఆ మాట నిజం, దాన్ని దాటే హక్కు నాకు లేదు. గేటు మాటేమిటి? దానికి వైద్యంతో సంబంధం లేదన్నాడు.

నాకు అంత చాలు. కింది అంతస్తులో వెనక వైపు ఒక గది ఉంది; దాని కిటికీ ప్రహరీ లోపలి నడవలోకి తెరుచుకుంటుంది. సిస్టర్లు ఇద్దరు, కాలిని లాగి పట్టే ట్రాక్షన్ బరువు కదలకుండా, నర్సమ్మను మంచంతో సహా అక్కడికి నెట్టుకెళ్లి, కిటికీకి కాస్త దూరంగా ఆపారు. నేను పోయి, ఆ నడవలోకి దారి ఉన్న పక్క గేటు తెరవమన్నాను.

"నా డ్యూటీ పోతది సార్," అన్నాడు గార్డు.

పోతే ఇద్దరిదీ పోతుందని, తోడుగా ఉంటానని హామీ ఇచ్చి నేనే గొళ్లెం తీశాను.

మంచాల ఒక్కసారిగా ఆ కిటికీ మీద పడింది. ఊచలు వంగుతాయనుకున్నాను. అప్పుడు గుంపులోంచి ఒక ముసలామె వచ్చి, రిసెప్షన్‌లోని ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కిటికీ పక్కన వేసుకు కూర్చుంది. నర్సమ్మ పెద్ద ఆడబిడ్డ సత్తెమ్మ. చేతికర్రతో నేల మీద ఒక్కటి కొట్టింది. గార్డుతో సహా అందరూ వరుసలో నిలబడ్డారు.

"ఏడ్చెటోళ్లు ఎనుకకు పోర్రి. నవ్వుకుంట మాట్లాడెటోళ్లు ముందుకు రార్రి. ఒక మాట మాట్లాడు, నడువు. మా ఊర్లె ఒకామెకు గిట్లనే అయ్యి సచ్చిపోయిందని ఎవలన్న అన్నరో, కట్టె తిరుగుతది."

ఆ చివరి మాట విని వరుసలో నుంచి కొందరు తప్పుకున్నారు. వాళ్ల దగ్గర వేరే మాట లేదు కాబోలు.

నర్సమ్మ వచ్చినప్పటి నుంచి పెదవి విప్పలేదు. కిటికీ దగ్గర మొదటి మొఖం కనిపించగానే, బర్రె పాలిచ్చిందా అని అడిగింది. తరువాత వచ్చినవాడిని, నా ఆపరేషన్‌కు గీ మాసిన అంగీతోనే వస్తవారా అని తిట్టింది. ఆమె రక్తపోటు ఆ సాయంత్రం దిగింది. కిటికీ వల్ల అని నా వాదన. మాత్ర వల్ల అని కేస్‌షీట్‌లో ఉంది. వరుస ఇంకా కదులుతుండగానే జంగారెడ్డి సంతకం చేయని కాయితాన్ని నా బల్ల మీద పెట్టి, ఆపరేషన్‌కు ఒప్పుకునే కాయితం అడిగి తీసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే శ్రీకర్ వచ్చాడు. ఇది హాస్పిటలా జాతరా అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా వరుసను చీల్చుకుని కిటికీ వైపు నడిచాడు. సత్తెమ్మ కర్ర అడ్డం పెట్టింది.

"లైన్ల రా బిడ్డా. మెడకు పట్టీ కట్టుకున్నవ్, నీకేమయ్యింది?"

శ్రీకర్ మొఖం ఎక్స్‌రే ఫిలిం రంగుకు మారింది. డాక్టరుగారు థియేటర్ టోపీతోనే బయటికి వచ్చేసరికి మేమిద్దరం నడవలో ఎదురెదురుగా ఉన్నాం. క్రమశిక్షణ లేని మేనేజరున్న చోట పెట్టుబడి పెట్టమని తాను రాయలేనన్నాడు శ్రీకర్. ఈ పద్ధతి ఉంటే మిషన్ రాదని తేల్చేశాడు.

డాక్టరు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. వార్డులోకి ఎవరైనా పోయారా? లేదన్నాను. ఆపరేషన్‌కు ఒప్పుకున్నారా? ఒప్పుకున్నారన్నాను. తరువాత నడవ చివర తాళం వేసి ఉన్న గది వైపు చూశారు. మిషన్ కోసమే ఆయన ఆ గదికి సున్నం వేయించి, తాళం పెట్టి ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచుకున్నారు. నాకు ఆ సంగతి తెలుసు. అయినా అన్నాను: "మిషన్ కావాలంటే నన్ను తీసెయ్యండి సార్. నేనున్నన్ని రోజులు ఆ కిటికీ మాత్రం మూయను."

"కిటికీ మూస్తె పేషెంటుకు గాలెట్ల ఆడతది?" అన్నారు డాక్టరు. శ్రీకర్‌ను చాయ్ తాగి పొమ్మని, చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు.

మర్నాడు ఆపరేషన్ జరిగింది. ఆ వారంలోనే నర్సమ్మ వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసింది. పెట్టుబడి రాలేదు. సీటీ మిషన్ నేను పదవి వదిలేనాటికీ రాలేదు. స్కాన్ కావలసినవాళ్లను మా అంబులెన్సులోనే పంపి, మళ్లీ తీసుకొచ్చేవాళ్లం. సున్నం వేసిన గదిని ఫిజియోథెరపీకి ఇచ్చాం. నష్టం కాదని నేను అనను. అయితే ఆ రోజు కిటికీ ముందు నిలబడ్డవాళ్లందరూ మా దవాఖానను తనిఖీ చేసి పోయారు. నడవ కంపు కొడుతుందా, సిస్టర్ పిలిస్తే పలుకుతుందా, డాక్టరు మనిషి మొఖం చూసి మాట్లాడతాడా అన్నీ చూశారు. మనిషి ఒంట్లో రెండువందలకు పైగా ఎముకలు ఉంటాయి. ఆ వరుసలోని ఎముకలన్నీ ముందు ముందు ఎప్పుడో ఒకప్పుడు విరగడానికి సిద్ధంగా ఉన్నవే. శ్రీకర్ పడకలు లెక్కపెట్టాడు, నేను ఎముకలు లెక్కపెట్టాను. తరువాతి ఏళ్లలో బస్సులో కూర్చున్నవాళ్లు మా దగ్గర దిగారు. యాభై దాటగానే స్వచ్ఛందంగా విరమించుకుని ఇంట్లో కూర్చున్న నాకు, నా లెక్క తప్పని ఇంతవరకు ఎవరూ రుజువు చేయలేదు.

చిన్న ఆసుపత్రులు పెట్టుకునే యువకులు అప్పుడప్పుడు వచ్చి, పెద్ద ఆసుపత్రిలా కనిపించడం ఎట్లా అని అడుగుతుంటారు. వద్దంటాను. తలుపు దగ్గర పెట్టే నిబంధనలు రెండు రకాలు: వైద్యం అడిగేవి, దర్జా అడిగేవి. మొదటి రకానికి నేను ప్రతిసారీ తలవంచాను. రెండో రకానికి వంచలేదు, ఉద్యోగం అడ్డం పెట్టినా వంచలేదు. చిన్న దవాఖాన నిలబడేది ఈ రెంటికీ తేడా తెలిసినంతకాలమే.